పేజీకి పదకొండు అతుకులు

ఉప్పలూరి పానకాలరావుకి అరవై తొమ్మిదో ఏట బుద్ధి పెడదారి పట్టింది. ఎక్కడా కోయకుండా, ఎక్కడా అతికించకుండా, తెల్ల కాయితం మీద సొంతంగా ఒక నవల రాశాడు.

అలాంటి పని అంతకు ముందెన్నడూ చేసిన మనిషి కాదు. 'పృథ్వి' అనే కలం పేరుతో నూట అరవై ఒక్క డిటెక్టివ్ నవలలు అచ్చేయించినవాడు. ఒక్కొక్కటి సరిగ్గా తొంభై ఆరు పేజీలు. బెజవాడలో ఆయన పబ్లిషరు సోమవారం పొద్దున ఫోన్ చేసి "గురువుగారూ, గురువారానికొకటి కావాలి" అంటే, గురువారం మధ్యాహ్నానికి ఒకటి సిద్ధంగా ఉండేది.

ఆ వేగం వెనక ఇరవై రెండు బిస్కెట్ డబ్బాలు ఉన్నాయి. ప్రెస్సు నుంచి తిరిగొచ్చిన తన పాత రాతప్రతుల్ని ఆయన కత్తెరతో ముక్కలు కోసి, ఏ దృశ్యానికా దృశ్యం విడదీసి ఆ డబ్బాల్లో దాచేవాడు. మూతల మీద చీటీలు ఉండేవి. వాన. కారు వెంటపడటం. శవం దొరకడం. విలన్ నవ్వు. తలుపులు. కొత్త నవల కావాలంటే డబ్బాకో గుప్పెడు తీసి, వరసగా పేర్చి, మైదా ఉడికించిన జిగురుతో అతికించి, పేర్లు మాత్రం ఎర్ర సిరాతో మార్చేవాడు. ఒకసారి ఒక పేరు మార్చడం మరిచిపోయాడు. మూడో అధ్యాయంలో చచ్చిన మధుకర్ తొమ్మిదో అధ్యాయంలో కాఫీ తాగాడు. ఇంత గొప్ప మలుపు జన్మలో చదవలేదని పాఠకులు సంచీడు ఉత్తరాలు రాశారు.

ఆ జిగురు ఉడికించేది ఆయన భార్య శేషారత్నం. పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వేసి, ఉండ కట్టకుండా కలియబెడుతూ, నలభై ఏళ్లు ఆ పని చేసింది. చేసింది గాని, ఒక్క నవల కూడా పూర్తిగా చదవలేదు. అచ్చయిన పుస్తకం చేతిలో పెడితే మొదటి పేజీ చూసి నంబరు చెప్పేది.

"ఇది నలభై ఆరు." పుస్తకం మూసేసి చిక్కుడుకాయల బుట్ట దగ్గరికి లాక్కునేది. "ఈ వాన నలభై ఆరులోది. అప్పుడు విశాఖపట్నంలో పడింది, ఇప్పుడు కర్నూల్లో పడతంది. అంతేగా?"

అంతే మరి. రాష్ట్రమంతా పాఠకులున్నా ఇంట్లో ఒక్కరు లేకపోవడం పానకాలరావుకి లోలోపల ఎప్పుడూ గుచ్చుకుంటూనే ఉండేది.

ఆయన గర్వంగా చెప్పుకునే వాక్యం మాత్రం ఒకటుంది. నూట నలభై మూడో నవలలో, హంతకుడి గురించి: 'లోపల ఎవరూ లేరని తెలిసే అతను తలుపు తట్టాడు.' దాన్ని తరవాత ఏడు నవలల్లో వాడుకున్నాడు. రైలు కృష్ణ వంతెన దాటుతుండగా అది మెరుపులా తట్టిందని నాలుగు పత్రికలకు చెప్పాడు. ఐదో పత్రికకు పొరపాటున గోదావరి వంతెన అని చెప్పాడు.

సొంత నవలకు పదకొండు నెలలు పట్టింది. పుస్తకాలు కుట్టే బైండింగు షాపులో పనిచేసే ఒకావిడ కథ. పేరు 'దబ్బనం'. అందులో హత్య లేదు, కారు లేదు, ఏ ఊళ్లోనూ వాన లేదు. నూట ముప్పై కాయితాల రాతప్రతిని పరీక్ష పేపరు అందించినవాడిలా భార్య చేతికిచ్చాడు. ఆవిడ మొదటి పేజీ చదివింది. నంబరు చెప్పలేదు. రెండో పేజీ తిప్పింది. మూడు రోజులు చదివింది. నాలుగో రోజు పొద్దున కళ్లజోడు తీసి, కాయితాలు సర్ది, "ఇదేదో నాకు తెలియట్లేదండీ. ఎన్నో నంబరు?" అంది.

"ఒకటి," అన్నాడు పానకాలరావు.

ఆ ఊపులో ఒక మాట కూడా ఇచ్చేశాడు. "జనవరిలో పుస్తకాల పండగకి అచ్చేయించి నీ చేతిలో పెడతా. నువ్వు చదివింది చదివినట్టు. ఒక్క అక్షరం మారదు."

"చూద్దాం," అంది శేషారత్నం, జిగురు గిన్నె బోర్లిస్తూ.

ఆయన గది తలుపేసుకుని రాసుకుంటున్న ఆ పదకొండు నెలల్లో లోకం మారిపోయింది. ఎవరో ఒక పెద్ద అధికారి ఏదో దేశంలో సదస్సుకు వెళ్లారు. అక్కడ పాత పాటలకు కొత్త దరువులు వేసి, పాత కథల్ని ముక్కలు చేసి కలిపి, దాన్నే నవీన కళ అంటున్నారని కళ్లారా చూశారు. ఆ ఉత్సాహం విమానం ఎక్కినప్పుడు ముచ్చటగా ఉంది, దిగేసరికి ప్రభుత్వ విధానమైంది. 'నీటిని తిరిగి వాడుతున్నాం. వాక్యాన్ని మాత్రం ఒక్కసారి వాడి పారేద్దామా?' అని బస్సుల వెనక బోర్డులు వెలిశాయి. సాహిత్య పునర్వినియోగ మండలి ఏర్పడింది. ఏడో నిబంధన ప్రకారం ప్రతి కొత్త పుస్తకంలోనూ నూటికి అరవై వంతులకు తగ్గకుండా పాత సరుకు ఉండాలి. మండలి ధ్రువపత్రం లేనిదే ఏ ప్రెస్సూ అచ్చు వేయకూడదు.

పబ్లిషరు సంగతి చెప్పి, "మీకేంటి గురువుగారూ, ఇలా వెళ్లి అలా తెచ్చేసుకుంటారు. ఆ నిబంధన మిమ్మల్ని చూసే రాసుంటారు," అన్నాడు.

మండలి కార్యాలయం ఆటోనగర్ అవతల ఒక పాత మిర్చి గోడౌనులో ఉంది. భవనాన్ని కూడా తిరిగి వాడారన్నమాట. ఎంత కడిగినా ఘాటు పోలేదు. లోపలికి వెళ్లిన రచయితలందరూ కన్నీళ్లతో బయటికి రావడం చూసి, మండలి సేవలకు జనం చలించిపోతున్నారని ఒక పత్రిక రాసింది.

రాతప్రతిని పరీక్షించేవాడి పేరు దానియేలు. హోదా అతుకుల పరీక్షకుడు. ఇదివరకు బస్సు డిపోలో అరిగిన టైర్లకు కొత్త రబ్బరు వేసే చోట పనిచేసేవాడు. అతుకు గురించి తెలిసిన ఉద్యోగి ప్రభుత్వం మొత్తంలో ఇతనొక్కడేనని డిప్యుటేషన్ మీద తెచ్చుకున్నారు. అతను కళ్లు మూసుకుని బొటనవేలితో కాయితాన్ని పైనుంచి కిందికి తడుముతాడు. కళ్లు తెరిస్తే చదవాలనిపిస్తుందట, చదివితే పక్షపాతం వస్తుందట.

నూట ముప్పై కాయితాలూ తడిమి దానియేలు కళ్లు తెరిచాడు. ఆ కళ్లలో మిర్చిది కాని నీరు ఉంది.

"సార్, ఎక్కడా తగల్లేదండీ."

"ఏం తగల్లేదు?"

"అతుకు. పృథ్వి గారి ప్రతిలో అతుకు లేకపోవడం ఏంటి సార్. డిపోలో నా డ్యూటీలన్నీ మీ పుస్తకాల మీదే గడిచినయ్. ఒంట్లో బాగానే ఉందా?"

విషయం సంచాలకుల దాకా వెళ్లింది. సంచాలకులు విద్యాధరం గారు లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు.

"మండలి తరఫున, నా తరఫున, మా పూర్వ సంచాలకుల తరఫున తమకు స్వాగతం. ఈ స్వాగత వాక్యం వారిదే. నేను పునర్వినియోగిస్తున్నాను. కూర్చోండి. తమరు మాకు పితామహులు."

గోడకున్న అద్దాల బీరువాలో నూట అరవై ఒక్క నవలలూ వరసగా ఉన్నాయి. పక్కన పానకాలరావు ఫోటో. మెడలో దండ కూడా వేశారు. బతికుండగానే ఎందుకని అడిగితే, దండ ఇంకో ఫోటోది, తిరిగి వాడామన్నారు.

"మరి పితామహుడి పుస్తకానికి ధ్రువపత్రం ఎందుకివ్వరండీ?"

"స్వతంత్ర రచన అనేది, తమరు అన్యథా భావించకపోతే, ఒక విధమైన వ్యర్థం. ఉన్న వనరులను ఉపేక్షించి నూతన వనరులను తవ్వుకొనుట. గత త్రైమాసికంలో మేము నలభై పెళ్లిపత్రికలతో ఒక ఖండకావ్యం, కరెంటు బిల్లుల వెనక ఉండే సూచనలతో ఒక విషాదాంత నాటకం వెలువరించాం. మా వార్షిక నివేదిక నిరుటిదే. తేదీ కూడా మార్చలేదు. పైనుంచి ప్రశంసలు వచ్చాయి. ఇటువంటి తరుణంలో సాక్షాత్తు తమరే ఈ పని చేస్తే యువతరం ఏమైపోవాలి?"

"అప్పీలు చేసుకోవచ్చా?"

"తప్పకుండా. అప్పీలులోని ప్రతి వాక్యమూ పాత అప్పీళ్ల నుంచి గ్రహించినదై ఉండాలి. రికార్డు గది కుడి పక్కన."

పానకాలరావు రెండు రోజులు రికార్డు గదిలో తుమ్ముతూ కూర్చున్నాడు. అక్కడున్నవన్నీ ఉద్యోగుల పాత అర్జీలు. దొరికిన వాక్యాలతోనే తన గోడు కూర్చాడు. 'అయ్యా, నేను నలభై ఏళ్లుగా ఈ శాఖనే నమ్ముకుని ఉన్నాను. నాకు కలిగినది ఇదే మొదటిది. దయతో దీనిని వెలుగు చూడనివ్వగలరు.' చివరి రెండు వాక్యాలూ ఎవరో గర్భిణి రాసినవి. వారంలో జవాబొచ్చింది. ఆయనకు పదిహేను వారాల ప్రసూతి సెలవు మంజూరైంది.

ఆ కాయితం పట్టుకుని టీ బంకు దగ్గర నిలబడితే దానియేలు వెతుక్కుంటూ వచ్చాడు.

"సార్, ఏడో నిబంధనకి కింద చిన్నక్షరాల్లో వివరణ ఉందండీ. మీరు చూసుకోలా. 'పాత సరుకు అనగా కోసి అతికించబడినది.' అంతే ఉంది. ఎక్కడినుంచి కోశారో చెప్పమని లేదండీ."

పానకాలరావు టీ గ్లాసు కింద పెట్టాడు. నలభై ఏళ్లుగా హంతకులకు తప్పించుకునే దారులు వెతికిపెట్టిన బుర్ర అది.

"అంటే నా నవలని నేనే ముక్కలు కోసి, మళ్లీ అదే వరసలో అతికిస్తే?"

"నేను కళ్లు మూసుకునే ఉంటా గదండీ," అన్నాడు దానియేలు.

శేషారత్నం బోర్లించిన గిన్నె మళ్లీ పొయ్యెక్కింది. ఆవిడ మైదా కలియబెడుతూ, "మంచిగా ఉన్నదాన్ని కోసి మళ్లీ అతికించాలా?" అంది.

"రూలు."

"ఆ రూలు రాసినాయన ఇంట్లో చీరలు కూడా ఇట్టాగే కడతారేమో."

పొద్దున తొమ్మిదింటికి మొదలెట్టారు. ఆయన కోస్తున్నాడు, ఆవిడ అతికిస్తోంది. పేజీకి పన్నెండు ముక్కలు, పదకొండు అతుకులు. కత్తెర మొద్దుబారింది. మంచి కత్తెర కోసం అలమర తీశారు. అది పాత డబ్బాల్లో ఎక్కడో ఉందని ఒక్కొక్క మూతే తీసి నేల మీద పరిచారు. కత్తెర విలన్ నవ్వులో దొరికింది. ఉక్కపోతగా ఉందని ఆయన తల తుడుచుకున్నాడు. అప్పటికి గంట నుంచి కరెంటు లేదు. ఫ్యాను స్విచ్చి మాత్రం వేసే ఉంది.

పదకొండున్నరకు కరెంటొచ్చింది.

ఒక్క నిమిషంలో హాలంతా కాయితం తుఫాను. బైండింగు షాపు ఆవిడ, కర్నూలు వాన, ఆరుగురు విలన్లు, దొరికిన శవాలూ దొరకని శవాలూ అన్నీ గాల్లో కలిసి గిరగిరా తిరిగాయి. పానకాలరావు స్విచ్చి కట్టేసి, అక్కడే గోడకానుకుని కూలబడ్డాడు.

"అయిపోయింది రత్నం. పదకొండు నెలలు."

"ఏం అయిపోలా. మీరా కుర్చీలో కూచోండి. దేని మీదా చెయ్యి పెట్టకండి."

ఆవిడ కొంగు బిగించి నేల మీద కూర్చుంది. ఒక్కొక్క ముక్కా తీసి చూసి, ఇటొకటి అటొకటి పెట్టసాగింది. "ఇది డెబ్బై తొమ్మిది. ఇది పన్నెండు. ఇది మనది, ఆవిడ దారానికి మైనం పూసే చోటిది. ఇది నూట ఇరవై, మళ్లీ ఆ మధుకరే. ఇది మనది, దీని తరవాత ఆవిడ కొడుకు పరీక్ష తప్పుతాడు." సాయంత్రం దీపాల వేళకు నూట ముప్పై కాయితాలూ వరసలో ఉన్నాయి.

తన పుస్తకం ఆవిడకు ముక్కముక్కా నోటికొచ్చు. ఇంకెవరేమిచ్చినా దీనికి సాటి రాదనుకున్నాడు పానకాలరావు. తిరిగి చదివితే దిద్దాలనిపిస్తుందని, దిద్దితే మాట తప్పినట్టవుతుందని, ఒక్క కాయితం కూడా చూడకుండా కట్ట కట్టేశాడు.

దానియేలు కళ్లు మూసుకుని తడిమాడు. "అతుకే అతుకు సార్. పేజీకి పదకొండు. వేలు అరిగిపోయింది." మండలి చరిత్రలో మొట్టమొదటిసారి ఒక పుస్తకానికి నూటికి నూరు వంతులు పునర్వినియోగమని ధ్రువపత్రం వచ్చింది. ప్రూఫులు మండలే దిద్దింది. రచయితకు చూపిస్తే కొత్త మాట చేర్చే ప్రమాదం ఉందని పదో నిబంధన. పుస్తకాల పండగకు ముందు రోజు అయిదు వందల ప్రతులు గోడౌనుకు చేరాయి. ఆ సాయంత్రమే ఆవిష్కరణ, దాంతో పాటే పానకాలరావుకి 'పునఃసృజన పితామహ' బిరుదు ప్రదానం.

ఆయన వేదిక మీద కూర్చున్నాడు. ముందు వరసలో శేషారత్నం, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. ఆవిడ చేతిలో ఆయన అంతకు ముందే పెట్టిన మొదటి ప్రతి ఉంది. కప్పబోయే శాలువా మీద వేరెవరి పేరో జరీతో కుట్టి ఉంది. దాన్ని ఎవరూ తప్పుగా తీసుకోలేదు.

విద్యాధరం గారు మైకు అందుకున్నారు. "ఈ గ్రంథం ఆద్యంతం అతుకులమయం. అయినప్పటికీ డెబ్బై ఒకటో పేజీలోని ఒక్క వాక్యం నన్ను కుర్చీలో నుంచి లేపింది. వినండి. 'లోపల ఎవరూ లేరని తెలిసే అతను తలుపు తట్టాడు.'"

చప్పట్లు మోగాయి. పానకాలరావు వెన్ను నిటారైంది. ఆ వాక్యం ఈ పుస్తకంలో లేదు. ఉండటానికి వీల్లేదు.

ఒళ్లో ఉన్న ప్రతి తీసి డెబ్బై ఒకటో పేజీ తిప్పాడు. బైండింగు షాపు ఆవిడ కిటికీలోంచి ఎదురింటి వైపు చూస్తుంటుంది. భార్య పోయిన ముసలాయన కూరల సంచీతో వస్తాడు, గుమ్మమెక్కుతాడు. తను రాసింది అంతవరకే. వెనక పేజీలో ఒంటరితనం గురించి ఒక పెద్ద వాక్యం ఉంటుంది. పదకొండు రోజులు కూర్చుని చెక్కిన వాక్యం. ఇప్పుడు గుమ్మానికీ ఒంటరితనానికీ మధ్యలో ఆ పాత ముక్క వచ్చి కూర్చుంది. నూట నలభై మూడో నవలలోని అదే హంతకుడి వాక్యం. ఆ పేజీ తను రాసినదానికంటే బాగుంది. అదే ఆయనకు మింగుడు పడలేదు.

ఒక్క అక్షరం మారదన్న మాట గుర్తొచ్చి, లేచి మైకు దగ్గరికి వెళ్లాడు.

"క్షమించాలి. ఈ వాక్యం ఈ పుస్తకంలోది కాదండీ."

"అదే గదా దాని ఘనత," అన్నారు విద్యాధరం గారు. ఈసారి చప్పట్లు ఇంకా పెద్దవి.

"అది కాదండీ. ఇది నా నూట నలభై మూడో నవలలోది. పొరపాటున కలిసింది."

"బహు బాగు. మూలగ్రంథం కూడా దొరికింది. దానియేలు, పత్రం తీసుకురా." దానియేలు ఒక కాయితం, ఎర్ర సిరా కలం తెచ్చి బల్ల మీద పెట్టాడు. "అతుకులు తడిమి తెలిశాయి గాని, పేరూ నంబరూ చెప్పదగిన మూలం మాకు ఇదొక్కటే దొరికింది. మూలకర్త అన్న చోట సంతకం చేయండి. మూలకర్త తమరే గదా?"

"నేనేనండీ. రైలు కృష్ణ వంతెన దాటుతుండగా..."

"ఏ రైలండీ?"

ముందు వరసలోంచి వచ్చింది ఆ గొంతు. పెద్దగా ఏమీ అనలేదు. చిక్కుడుకాయలు వలుస్తూ నంబరు చెప్పినంత నెమ్మదిగానే అడిగింది.

"ఎదురింటి పోస్ట్‌మాస్టరు గారు గుర్తున్నారా?" అంది శేషారత్నం. "వాళ్లావిడ పోయాక, తాళంచెవి చేతిలో ఉన్నా ముందు తలుపు తట్టేవారు. తరవాత తాళం తీసుకునేవారు. రోజూ వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. ఒకరోజు జిగురు కలుపుతూ మీతో అన్నా, లోపల ఎవరూ లేరని తెలిసే తడతారండీ ఆయన అని. మీరు తలెత్తకుండా రాసుకున్నారు. పై వారానికి దాన్ని హంతకుడికి అంటగట్టారు. ఆ మనిషి చీమకి కూడా అపకారం చెయ్యలా."

పానకాలరావుకి వంతెనలు రెండూ ఒకేసారి కూలినట్టయింది.

"ఇందులోకి ఎలా వచ్చింది మరి?"

"ఫ్యాను తిరిగిన రోజు నేనే పెట్టా. తలుపుల డబ్బాలోంచి వచ్చి నా ఒళ్లో పడింది. ఇందులో మీరు రాసింది ఆయన్నేగా. గుమ్మం దాకా వచ్చి ఊరికే లోపలికెళ్లిపోతున్నాడు. ఆయన అట్టా వెళ్లేవాడు కాదు. ఇన్నేళ్లూ హంతకుడి దగ్గర పడుంది పాపం. తీసి దాని చోట అతికించా."

"నాకు చెప్పొద్దా?"

"మళ్లీ చదువుకుంటారనుకున్నా."

విద్యాధరం గారు నిబంధనల పుస్తకం తెరిచారు. "అమ్మా, అయితే ఈ వాక్యాన్ని తమరు ఏ గ్రంథం నుంచి గ్రహించారు?"

"గ్రంథమేంటండీ. కిటికీలోంచి."

"కిటికీ ఆమోదిత మూలాల జాబితాలో లేదు." ఆయన పానకాలరావు చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించారు. "పితామహా, ఇందులో చిక్కుంది. గ్రంథమూలం లేకపోతే ఇది స్వతంత్ర వాక్యమవుతుంది. పుస్తకంలో ఉంచడానికి వీల్లేదు. తమరు రైలు అనే రాసేయండి. తమ నూట నలభై మూడే మూలమవుతుంది. వాక్యం ఉంటుంది, బిరుదు ఉంటుంది, శాలువా ఉంటుంది."

కలం పానకాలరావు చేతిలో ఉంది. 'మూలకర్త' అన్న మాట పక్కన ఖాళీ గీత ఉంది. రైలు అని రాస్తే ఆ పేజీ బతుకుతుంది, జీవితంలో తను అచ్చేయించిన ఒకే ఒక మంచి పేజీ. ముందు వరస వైపు చూశాడు.

"మీ ఇష్టం," అంది శేషారత్నం. "నేనేం అనను."

ఆవిడ అనదని ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ అనలేదు. నాలుగు పత్రికల్లో కృష్ణ వంతెన చదివి, ఐదోదాంట్లో గోదావరి వంతెన చదివి, పుస్తకం మూసినట్టే మూసి, జిగురు కలుపుకుంటూ కూర్చుంది.

పానకాలరావు ఎర్ర సిరాతో రాశాడు: ఉప్పలూరి శేషారత్నం. నూట అరవై రెండు పుస్తకాల్లోనూ ఆయన సరిగ్గా మార్చిన పేరు అదొక్కటే.

వేదిక మీదే అత్యవసర సమావేశం జరిగింది. ఏడు నిమిషాల్లో తీర్మానం చదివారు. "సదరు గ్రంథం యావత్తూ పునర్వినియోగమని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. డెబ్బై ఒకటో పేజీలోని ఒక్క వాక్యము మాత్రము స్వతంత్ర రచన. కావున దానిని అయిదు వందల ప్రతులలోనూ కత్తిరించి తొలగించవలెను. బిరుదు విషయం పరిశీలనలో ఉంచడమైనది. శాలువా వేరొక సభకు అవసరం."

పానకాలరావు ఉండబట్టలేక మైకు లాక్కున్నాడు. "అయ్యా, అబద్ధాలు రాసి బతికినవాణ్ని, ఒక్క నిజం చెబుతున్నా. పుస్తకమంతా నా సొంతం. అదొక్కటే నాది కాదు. మీరు సరిగ్గా తలకిందులుగా కోస్తున్నారు."

విద్యాధరం గారు ఆప్యాయంగా ఆయన భుజం తట్టారు. "తమ వినయం మాకు తెలుసు పితామహా. 'ఒక్క నిజం చెబుతున్నా' అని తమరి తొంభై మూడో నవల చివర హంతకుడు కూడా అంటాడు. మా కంప్యూటరు ఇప్పుడే పట్టుకుంది."

నిజమే. అంటాడు.

మర్నాడు పొద్దున దానియేలు కత్తెరతో కూర్చుని అయిదు వందల ప్రతుల్లోనూ ఆ వాక్యాన్ని కోశాడు. అచ్చులో అది సరిగ్గా ఒక వరస. డెబ్బై ఒకటో పేజీలో ఒక సన్నని కిటికీ ఏర్పడింది. కాయితానికి రెండు వైపులుంటాయి కాబట్టి, దాని వెనక ఉన్న డెబ్బై రెండో పేజీలో పదకొండు రోజులు చెక్కిన ఒంటరితనం వాక్యం కూడా నడుముకి తెగిపోయింది. దానికోసం ఎవరూ అడగలేదు. కిటికీలోంచి చూస్తే డెబ్బై మూడో పేజీలోని 'తాళం' అన్న మాట మాత్రమే కనిపించింది. ముసలాయన గుమ్మం దగ్గర ఒక కన్నం, కన్నంలోంచి తాళం. ఇలాంటి ప్రయోగం జన్మలో చూడలేదని పాఠకులు ఉత్తరాలు రాశారు. అయిదు వందల ప్రతులూ పండగలో రెండు రోజుల్లో అయిపోయాయి. రెండో ముద్రణకు కన్నం తప్పనిసరి అని మండలి ఉత్తర్వు ఇచ్చింది.

కోసిన ముక్కల్ని దానియేలు పారేయలేదు. ఒక సంచీలో వేసి, ఆదివారం ఇంటికి తెచ్చి, "అమ్మా, ఇవి మీవి," అని శేషారత్నానికి ఇచ్చి వెళ్లాడు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున పబ్లిషరు ఫోన్ చేశాడు. "గురువుగారూ, గురువారానికొకటి." పానకాలరావు అలవాటు ప్రకారం అలమర తీశాడు. ఇరవై రెండు డబ్బాల పక్కన ఇరవై మూడోది ఉంది. మూత మీద చీటీ తన రాతలో లేదు. గుండ్రటి, నిదానపు అక్షరాల్లో 'నావి' అని ఉంది.

మూత తీశాడు. అయిదు వందల సార్లు ఎవరో తలుపు తట్టారు. ఒకే ముక్క తీసుకుంటే తెలుస్తుందా అనుకుంటూ చెయ్యి పెట్టాడు.

"అది ముట్టుకోకండి," అంది వంటింట్లోంచి శేషారత్నం, వెనక్కి తిరగకుండానే. "కావాలంటే అర్జీ పెట్టుకోండి. డబ్బాల్లోంచి ఏరి కాదు. కొత్తగా రాసి."